షార్ట్‌లీ అంటే ఎంతసేపు?

నేను చీఫ్ కమర్షియల్ ఇన్‌స్పెక్టర్‌గా ఖరగ్‌పూర్‌కు బదిలీ అయి వచ్చింది పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వానలు మొదలైన జూన్ నెలలో. బదిలీ అన్నది కాగితం మీది మాట. నిజానికి అది ఇంటికి రావడమే. మా తాత పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. మా నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను రైల్వే క్వార్టర్లో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గోల్‌బజార్ చేపల దుకాణాల దగ్గర బెంగాలీ మాట్లాడుతూ పెరిగాను. ఇంగ్లీషు మాత్రం ఉద్యోగంలో చేరాకే సరిగ్గా పట్టుబడింది. ఎంతవరకు పట్టుబడిందన్నది ఈ వ్యవహారంలో తేలింది.

కమర్షియల్ ఇన్‌స్పెక్టర్ ఏం చేస్తాడని చాలామంది అడుగుతుంటారు. బండిని నడపడం ఆపరేటింగ్ శాఖ పని. ఆ బండి ఎక్కే మనిషికి టిక్కెట్టు అమ్మడం, సమాచారం చెప్పడం, టీ నీళ్లలా ఉందంటే వినడం కమర్షియల్ శాఖ పని. ఆ వినే పనిలో పెద్ద వాటా ఇన్‌స్పెక్టరుది. అతను స్టేషనుకూ డివిజన్ ఆఫీసుకూ మధ్య తిరుగుతుంటాడు. స్టేషన్‌వాళ్లు అతన్ని ఆఫీసు మనిషంటారు, ఆఫీసువాళ్లు స్టేషన్ మనిషంటారు. టీ మాత్రం రెండుచోట్లా ఇస్తారు.

నేను చేరిన కొద్దిరోజులకే ఒక ఉదయం పెద్ద వాన కురిసింది. రికార్డు చేసిన గొంతుతో తనంతట తాను ప్రకటనలు చేసే కంప్యూటరు మూగబోయింది. అలాంటప్పుడు ఎంక్వైరీ క్లర్కే మైకు పట్టుకుని హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు మూడింటిలోనూ చెప్పాలి. ఆ పూట డ్యూటీలో ఉన్నది సుగుణమ్మ. ఆమెవాళ్లదీ శ్రీకాకుళం వైపే. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. మైకు ముందు ఆమె ఉచ్చారణలో ఎవరూ తప్పు పట్టలేరు. మీట నొక్కి మైకు ఆపిందంటే మాత్రం 'చ'లన్నీ 'స'లైపోయి, 'ఏటి' అన్న మాటతో సంభాషణ మొదలయ్యేది.

అదే ఉదయం ఊళ్లోనే ఉన్న మలంచా పేట నుంచి సాన్యాల్ బాబు స్టేషనుకు వచ్చారు. ఆయన ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. బాలాసోర్ నుంచి ప్యాసింజరు బండిలో ఒంటరిగా వస్తున్న అక్కగారిని తీసుకువెళ్లడానికి వచ్చారు. ఆమెకు చూపు సరిగా ఆనదు. బండి ఎప్పుడొస్తుందని ఆయన ఎంక్వైరీ కిటికీ దగ్గర అడిగితే, సుగుణమ్మ 'షార్ట్‌లీ' అంది. కాసేపు చూసి మళ్లీ అడిగారు. మళ్లీ 'షార్ట్‌లీ' అంది. మైకులోనూ అదే మాట. ఇంకా చాలాసేపు చూసి మూడోసారి వచ్చి, 'హౌ షార్ట్‌లీ?' అని అడిగారు. సుగుణమ్మ తలెత్తకుండానే, 'షార్ట్‌లీ మీన్స్ షార్ట్‌లీ. నెక్స్ట్!' అంది.

మాస్టారికి మొహం మాడిపోయింది. ఇక ఇప్పట్లో రాదులే అనుకుని టీ తాగడానికి ఓవర్‌బ్రిడ్జి అవతలికి వెళ్లారు. ఆయన గ్లాసు పట్టుకునేసరికి బండి వచ్చేసింది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడుగు తెలిసినవాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు. అక్కగారు చిట్టచివరి పెట్టెలోంచి దిగారు. తమ్ముడు పరుగున అటు చేరేలోపు ఆమె ఏటవాలు జల్లులో తడుస్తూ, ఒక స్తంభాన్ని పట్టుకుని, దగ్గరగా ఎవరి అడుగు వినిపించినా 'ఖోకా? ఖోకా?' అని తమ్ముడి ముద్దుపేరుతో పిలుస్తూ నిలబడి ఉన్నారు.

ఇల్లు చేరాక మాస్టారు ఫోన్లోనే ఫిర్యాదు పంపారు. కోపంలో ఉన్న ఇంగ్లీషు మాస్టారు ఎక్కువ మాటలు వాడరు. బండి పేరు, తేదీ రాసి, 'ఎంక్వైరీలో మూడుసార్లు అడిగాను. అనౌన్సర్ ఆన్సర్డ్ మీ షార్ట్‌లీ' అని ముగించారు. ఆయన ఉద్దేశంలో అది ఘాటైన నింద. ఆమె నాతో పెడసరంగా మాట్లాడింది అని.

ఫిర్యాదుల విభాగంలో ఆ సందేశం అప్పలరాజు బల్ల మీదికి వచ్చింది. అప్పలరాజు మంచివాడు, పని వెనకేయని గుమాస్తా. రోజంతా దుప్పట్లు మురికి, నల్లాలో నీళ్లు లేవు, పక్కవాడు గురక పెడుతున్నాడు వంటివి చదివి చదివి విసిగినవాడికి ఈ వాక్యం చల్లగా తగిలింది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ వెంటవెంటనే జవాబిచ్చిందన్నమాట! అతను దాన్ని ఫిర్యాదుల్లోంచి తీసి ప్రశంసల్లో చేర్చాడు. 'మా సిబ్బంది చురుకుదనాన్ని మెచ్చుకున్నందుకు కృతజ్ఞతలు' అని సాన్యాల్ బాబుకు జవాబు పంపాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ నెల మెచ్చుకోలు పత్రాలకు స్టేషన్ తరఫున ఒక పేరు కావలసివచ్చింది. ప్రయాణికుడే స్వయంగా మెచ్చుకున్న ఉద్యోగి కంటే తగినవాళ్లు ఎవరుంటారు? మా ఆఫీసరుగారు పత్రం మీద సంతకం చేసి, సుగుణమ్మకు అందరి ముందూ అందజేశారు. ఫొటో తీసి స్టేషన్లో నోటీసు బోర్డు మీద పెట్టారు. కింద కారణం కూడా రాశారు. ఏ బండి విషయంలో, ఏ తేదీన ప్రయాణికుడికి చురుగ్గా జవాబిచ్చిందో వివరంగా.

అక్కగారిని తిరిగి బండెక్కించడానికి వచ్చిన సాన్యాల్ బాబు ఆ బోర్డు చూశారు.

ఈసారి ఆయన క్లుప్తంగా రాయలేదు. అన్ని స్థాయుల అధికారులకూ పంపారు. నాతో పరుషంగా మాట్లాడిన మనిషికి నా పేరు చెప్పి సన్మానం చేశారు, ఇది పరిహాసమా లేక అజ్ఞానమా తేల్చి చెప్పండి అని అడిగారు. పైనుంచి ఫోన్లు వచ్చాయి. మా ఆఫీసరుగారు నన్ను పిలిచి, ప్రాథమిక విచారణ జరిపి వారం తిరక్కుండా రిపోర్టు ఇమ్మన్నారు. చిన్న శిక్షలకు ఇచ్చే అభియోగపత్రాన్ని మా భాషలో 'ఎస్.ఎఫ్. పదకొండు' అంటాం. అది అప్పటికే టైపయి ఆయన బల్ల మీద ఉంది. నా రిపోర్టు రావడమే తరువాయి.

పేరుకు చిన్న శిక్షే గానీ సుగుణమ్మకు అది చిన్నది కాదు. చీఫ్ ఎంక్వైరీ క్లర్కు పదోన్నతికి ఆమె పేరు అప్పుడే పరిశీలనలో ఉంది. శిక్ష పడితే సర్వీసు రికార్డులోకి ఎక్కుతుంది. ఈ విడత తప్పితే మరో విడత వచ్చేలోపు ఆమె రిటైరైపోతుంది.

నేను ఎంక్వైరీ గదికి వెళ్లేసరికి ఆమె నాకోసమే చూస్తోంది.

"ఏటి సార్ ఇది? గోడ మీద నా ఫొటో ఎట్టినారు. ఇప్పుడు ఆ ఫొటో కిందే నన్ను నిలబెట్టి మెమో ఇత్తారా?" అంది.

"ముందు జరిగింది చెప్పు సుగుణమ్మా. ఆ పెద్దాయనతో కటువుగా మాట్లాడావా?"

"మాటాడినాను. అబద్ధమెందుకు ఆడాల? కిటికీ కాడ జనం తోసుకుంతన్నారు. మైకు ఒకపక్క, ఫోను ఒకపక్క. అయినా ఆయనకి నేను ఏటి సెప్పాల సార్? నాకు తెలిసింది అదొక్క ముక్కే. డిప్టీగారికి ఫోన్ సేసినాను, షార్ట్‌లీ అన్నారు. ఆయన కంట్రోలుని అడిగినారు, ఆళ్లూ షార్ట్‌లీయే అన్నారు. మరి నిమిషాలు నేనెక్కడి నుంచి తెచ్చీది?"

"ఆయన తెలుగువాడై, తెలుగులో అడిగుంటే ఏమనేదానివి?"

ఆమె కొంచెం ఆలోచించింది. "కూసింతసేపు ఆగండి బాబూ, నాకూ తెలీదు అనీదాన్ని" అంది.

ఇంగ్లీషులో ఆమెకు ఆ 'బాబూ'కు చోటు దొరకలేదని నాకు అప్పుడే అనిపించింది. కానీ అది రిపోర్టులో రాసే విషయం కాదు.

విచారణాధికారి మొదట అభియోగంలోని మాటలకు అర్థం నిర్ణయించుకోవాలి. అందుకని 'షార్ట్‌లీ' అంటే ఎంతసేపో తెలుసుకుందామని బయల్దేరాను. బండ్ల కదలికను నిమిషనిమిషం గమనించే కంట్రోల్ గదిలో అడిగితే, బండి మా తెర మీద కనిపిస్తోందంటే షార్ట్‌లీయే అన్నారు. వాళ్ల తెర మీద వంద కిలోమీటర్లకు పైగా దూరంలో బాలాసోర్ దగ్గరున్న బండి కూడా కనిపిస్తుంది. స్టేషన్లో డిప్టీ సూపరింటెండెంటుగారు అలా కాదన్నారు. వెనక స్టేషను నుంచి బండిని పంపవచ్చని మేం లైను క్లియరు ఇచ్చాకే షార్ట్‌లీ అవుతుంది, ఆ తరువాత ప్లాట్‌ఫారం ఖాళీ లేక బండి బయట సిగ్నలు దగ్గర ఎంతసేపు నిలబడినా అది షార్ట్‌లీయే అన్నారు. ఆ రోజు జరిగింది అదే. ముందున్న బండి కదలక, ప్యాసింజరు మాకు ముందు స్టేషనైన హిజ్లీ దాటి వచ్చి సిగ్నలు దగ్గర వానలో ఆగిపోయింది. ప్లాట్‌ఫారం మీద టీ అమ్ముతూ, అందరిచేతా దాదా, అంటే అన్న, అనిపించుకునే అతన్ని అడిగితే, "షార్ట్‌లీ అన్నారంటే ఇంకో కెటిల్ పెట్టొచ్చని" అని నవ్వాడు. ఇందరిలో ఏ ఇద్దరి షార్ట్‌లీ పొడుగూ ఒకటి కాదు.

మర్నాడు మలంచాకు వెళ్లాను. సాన్యాల్ బాబు తలుపు తీసి, నా గుర్తింపు కార్డు చూసి, "వచ్చింది ఇంకో కృతజ్ఞత చెప్పడానికి కాదు కదా?" అన్నారు. కాదని చెప్పాను. లోపల కూర్చోబెట్టి, జరిగిందంతా బెంగాలీలో చెప్పారు. ప్లాట్‌ఫారం చివర అక్కగారిని చూసిన దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆ 'ఖోకా' పిలుపును రెండుసార్లు చెప్పారు. నేను రాసుకోవడం ఆపి, చివరిదాకా విన్నాను.

తరువాత, అసలు ఆ మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి మాస్టారూ అని అడిగాను. అడగకూడని మనిషిని అడిగానని వెంటనే తెలిసిపోయింది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ముప్పైమంది పిల్లలు ఎదురుగా ఉన్నట్టు మొదలుపెట్టారు.

'షార్ట్' ఇంగ్లీషువాళ్ల సొంత మాట, చాలా పాతది అన్నారు. దాని వేరులో ఉన్న అర్థం కత్తిరించడం. నా చొక్కా కాలరు వైపు వేలు చూపి, ఈ షర్టూ, ఆడపిల్లలు తొడుక్కునే స్కర్టూ కూడా ఆ కుటుంబంవేనట. కత్తిరించి పొట్టి చేసిన బట్టలని. చివరనున్న 'లీ' ఒకప్పుడు ఒళ్లు, ఆకారం అనే అర్థమున్న మాట. వాడగా వాడగా అరిగి తోకగా మిగిలింది. 'షార్ట్‌లీ' అంటే పొట్టి రూపంలో అని. మాట పొట్టిదైతే క్లుప్తంగా, కాలం పొట్టిదైతే త్వరలో. ఈ రెండూ పాత అర్థాలే. మూడోదైన పెడసరం వీటితో పోలిస్తే నిన్న మొన్నటిది. పొట్టిగా మాట్లాడేవాడు చాలాసార్లు చిరాకులో ఉంటాడు కనుక, మాట పొట్టిదనం మనిషి కోపానికి పేరైపోయింది.

"మీ అనౌన్సర్ మొదటి రెండుసార్లూ కాలం గురించి చెప్పింది. మూడోసారి కోపం గురించి చెప్పింది. మీ ఆఫీసు మూడూ ఒకటే అనుకుంది" అన్నారు.

నాకు ఒక మాట తట్టింది. "మా తెలుగులో ముక్తసరి అని ఉంది మాస్టారూ. ముక్తసరిగా జవాబిచ్చాడు అంటాం. ఉర్దూలో ముఖ్తసర్ అంటే సంక్షిప్తం, అంతే. అందులో కోపం లేదు. మా దగ్గరికి వచ్చాక కాస్త బిగుసుకుంది" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను కొత్తగా చూశారు. ఆ మాటను రెండుసార్లు పలికించుకున్నారు. 'పొట్టి మాట అన్నిచోట్లా ఇలాగే చెడిపోతుందన్నమాట' అని సంతోషించారు. లోపలి నుంచి ఇంకో టీ వచ్చింది. తెచ్చింది ఆ అక్కగారే. బాలాసోర్ వెళ్లి మళ్లీ తమ్ముడి దగ్గరికే వచ్చేశారట. గోడ పట్టుకుని నెమ్మదిగా నడుస్తూ వచ్చి, గ్లాసు నా చేతికే సరిగ్గా ఇచ్చారు.

"వీడు బడిలో ఉన్నన్నాళ్లూ అడిగినదానికి అందరూ లేచి నిలబడి పొడుగ్గా జవాబు చెప్పేవాళ్లు" అన్నారామె నాతో. "ఆ రోజు వీడికి కోపం రాలేదు నాయనా, భయం వేసింది. భయం వేసిందని ఫిర్యాదు చెయ్యడానికి మీ ఫోన్లో చోటుందా?"

సాన్యాల్ బాబు, సుగుణమ్మకు ఏ శిక్ష పడుతుందని నన్ను అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పదోన్నతి సంగతి కూడా. నేను కోరింది దిద్దుబాటు, శిక్ష కాదు, కానీ ఆమె తప్పు చేసింది, చేయలేదని నేను రాయను అన్నారు. రాయొద్దనే నేనూ అన్నాను. ఒకసారి ఆమె కూర్చునే చోటికి వచ్చి, జరిగింది అక్కడ వివరించమని అడిగాను. స్టేషన్ మేనేజరు అనుమతితో ఫిర్యాదుదారుణ్ణి సంఘటన స్థలానికి తీసుకెళ్లడం విచారణలో మామూలే.

ఆయన వచ్చిన రోజు వాన లేదు. కంప్యూటరు కూడా బాగానే మాట్లాడుతోంది. కానీ హౌరా వైపు నుంచి రావలసిన బండ్లు వరసగా ఆలస్యమై, ఎంక్వైరీ కిటికీ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. సుగుణమ్మ లేచి నమస్కారం పెట్టి, ఆయనకు తన పక్క కుర్చీ చూపించింది. ఆయన కూర్చుని, ఆ రోజు తాను నిలబడ్డ చోటు ఏదో నాకు చూపబోతుండగా ఫోన్లు రెండూ ఒకేసారి మోగాయి. ఆమె ఒకటి చెవికి, ఒకటి భుజానికి ఆనించుకుని, మధ్యలో మైకు మీట నొక్కి, కంప్యూటరుకు ఇంకా అందని బండి ప్లాట్‌ఫారం మార్పు చెప్పడం మొదలుపెట్టింది.

కిటికీ అవతల ఉన్న ఒక యువకుడికి లోపల ఖాళీగా కనిపించిన మనిషి సాన్యాల్ బాబే. బండి ఎప్పుడొస్తుందని ఆయన్నే అడిగాడు. ఆయన సుగుణమ్మ వైపు చూశారు. ఆమె ఫోనులో విన్నది 'షార్ట్‌లీ' అని సైగతో, పెదవులతో చెప్పింది. ఆయన కిటికీ వైపు తిరిగి మర్యాదగా "షార్ట్‌లీ" అన్నారు. ఆ వెనకే ఒకావిడ అడిగింది. ఆమెకూ చెప్పారు. ఇంకొకాయన, ఇంకొకరు. అందరికీ అదే మాట. నాలుగైదు నిమిషాల్లో ఆ యువకుడు మళ్లీ ముందుకొచ్చి, "షార్ట్‌లీ అంటే ఎంతసేపు, దాదూ?" అన్నాడు.

"షార్ట్‌లీ అంటే షార్ట్‌లీ!" అన్నారు సాన్యాల్ బాబు.

అన్నాక ఆయనే తన నోటి మీద చెయ్యి వేసుకున్నారు. సుగుణమ్మ మైకు ఆపింది. నేను రాస్తున్న కాగితం మీద నుంచి తలెత్తలేదు. ముందు ఆవిడే నవ్వింది, చీర కొంగు అడ్డం పెట్టుకుని. తరువాత ఆయన నవ్వడం మొదలుపెడితే దగ్గు వచ్చేదాకా ఆగలేదు. ఆమె నీళ్లు ఇచ్చింది.

తేరుకున్నాక, "దీదీ, మీరు ఆ రోజుకి నాకు క్షమాపణ మాత్రం చెప్పలేదు" అన్నారు.

"సారీ దాదా" అంది సుగుణమ్మ.

"అంతేనా?"

"అంతే దాదా. మీ అక్కగారి దగ్గరికి మాత్రం వచ్చి పెద్దగా చెప్పుకుంటాను."

ఈ రెండో వాక్యం ఆమె బెంగాలీలో చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, మొదటి 'సారీ' షార్ట్‌లీకి తొలి అర్థం, అంటే క్లుప్తంగా, అని రాసుకోమన్నారు. ఆ ఆదివారమే ఆమె నిజంగా మలంచా వెళ్లిందని నాకు తరువాత తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

రిపోర్టులో జరిగినదంతా రాశాను. జవాబు కటువుగా ఉన్న మాట నిజం, ప్రయాణికుడికి ఇబ్బంది కలిగిన మాట నిజం, ఉద్యోగికి అంతకంటే సమాచారం లేకపోవడమూ నిజం, ఫిర్యాదుదారు శిక్ష కోరడం లేదు, మౌఖికంగా హెచ్చరిస్తే చాలు అని. మా ఆఫీసరుగారు చదివి కొంచెంసేపు కలం తిప్పారు. ఆయన ఇబ్బంది వేరు. అభియోగపత్రం ఇవ్వాలంటే, అదే పనికి తాను సంతకం చేసి ఇచ్చిన మెచ్చుకోలు పత్రాన్ని ముందు రద్దు చేయాలి. రద్దుకు కారణం చూపాలి. కారణం మా ఆఫీసుకు ఒక ఇంగ్లీషు మాట అర్థం కాలేదని. చివరికి నా రిపోర్టు కింద 'అంగీకరించాను' అని రాశారు. మౌఖిక హెచ్చరిక సర్వీసు రికార్డులోకి ఎక్కదు. సుగుణమ్మ పదోన్నతి ఆగలేదు. అప్పలరాజు సాన్యాల్ బాబుకు ఇంగ్లీషులో క్షమాపణ పంపాడు. ఆయన అంగీకరిస్తూ, అందులో రెండు తప్పులు దిద్ది తిప్పి పంపారు.

ఆఫీసరుగారు మాత్రం ఆ మాట మీద కసి తీర్చుకున్నారు. ఇకనుంచి మనిషి చేసే ప్రకటనల్లో 'షార్ట్‌లీ' వాడకూడదు, నిమిషాలు చెప్పాలి అని ఆదేశం వచ్చింది. కొన్నాళ్లు అలాగే చెప్పారు. పది నిమిషాలన్న బండి పదకొండో నిమిషానికి రాకపోతే జనం కిటికీ మీద కొట్టేవాళ్లు. షార్ట్‌లీ అన్నప్పుడు విసుక్కున్నవాళ్లు ఇప్పుడు అబద్ధం చెప్పారని తిట్టారు. దానికి దారి చూపింది కూడా సాన్యాల్ బాబే. ఎంతసేపో మీకు తెలియనప్పుడు, బండి ఎక్కడుందో చెప్పండి, అది తెలుస్తుంది కదా అన్నారు. ఆ తరువాత సుగుణమ్మ షిఫ్టులో బండి హిజ్లీ దాటిందనో, సిగ్నలు దగ్గర ఆగి ఉందనో చెప్పడం మొదలైంది. ఆ పద్ధతి ఎవరి ఆదేశంలోనూ లేదు గానీ ఎవరూ వద్దనలేదు.

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నది ఒక పని పద్ధతి. మిగిలిన మూడేళ్లూ వాంగ్మూలం తీసుకున్నప్పుడల్లా, మనిషి ఏ భాషలో ఆ మాట అన్నాడో ఆ భాషలోనే ముందు రాసుకున్నాను. అన్నవాణ్ణి ఏ అర్థంతో అన్నావని, విన్నవాణ్ణి ఏ అర్థంలో విన్నావని విడివిడిగా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి, ఆ తరువాతే ఇంగ్లీషు చేశాను. దీనివల్ల రిపోర్టులు పొడుగయ్యాయని ఒకరిద్దరు అధికారులు విసుక్కున్నారు. పొడుగు రిపోర్టు చదవడం విసుగే. పొట్టి రిపోర్టు మీద రెండోసారి విచారణ వేయడం అంతకంటే ఎక్కువ పని.